మన సంఘం కంప్యూటర్ ఎవరితో మాట్లాడుతోందో మనకు తెలియాలి



ఈసారి కాస్త పెద్దగానే రాస్తున్నాం. ఒక్కసారిగా చదవలేకపోతే రెండు సార్లుగా చదవండి, కానీ వచ్చే మీటింగుకు ముందు చదవండి. ఆ మీటింగులో రెండు విషయాల మీద చేయి ఎత్తాలి. ఒకటి, మన గదిలోని కంప్యూటర్‌కు ఏటేటా డబ్బు కట్టే సెక్యూరిటీ ప్యాకేజీ కొనాలా వద్దా. రెండు, సంఘం వైఫై వాడే వాళ్లు ఏమేం చూస్తున్నారో లెక్క రాసి పెట్టాలా వద్దా. రెండింటికీ మా జవాబు "వద్దు" అనే. ఎందుకు వద్దంటున్నామో, దాని బదులు ఏం చేయాలంటున్నామో వివరంగా చెబుతాం.

మేము అంటే ఈ పరీక్షకు కూర్చున్న నలుగురం. రాస్తున్నది మాత్రం మీకు తెలిసిన రిటైర్డ్ రైల్వే గుమాస్తా. మేము చదివింది తమిళ మీడియం, ఇంట్లో మాట తెలుగు, ఇప్పుడు ఉంటున్నది కన్నడ సీమలో. తెలుగు అక్షరాలు స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాం. కాబట్టి భాషలో తప్పులుంటే సర్దుకోండి, విషయంలో తప్పుంటే నిలదీయండి. మిగతా ముగ్గురిలో ఇద్దరు డిప్లొమా చదువుతున్న మన ఊరి పిల్లలు, ఒకరు రిటైర్డ్ మాస్టారు.

ముందు "మన దగ్గర దోచుకోవడానికి ఏముంది?" అన్న మాటకు జవాబు. గత మీటింగులో ఈ మాట ముగ్గురు అన్నారు. మన తాలూకాలో తిరుమణి, బాలసముద్ర, వళ్లూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల చుట్టూ 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు ఉంది. 2,050 మెగావాట్ల పార్కు. మొదటి దశ 2018 మార్చి 1న ప్రారంభమయింది. భూమిని రైతుల దగ్గర కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచే ఒప్పందం. వానను నమ్ముకున్న నేలలో ఇది ఏటేటా బ్యాంకు ఖాతాలోకి వచ్చే డబ్బు. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో, ఆ ఖాతా నంబర్, పాస్‌బుక్ మొదటి పేజీ, ఆధార్, పహణి, కౌలు పత్రం, వారసుల అఫిడవిట్ ఇవన్నీ స్కాన్ చేసి ఎక్కడ పెట్టుకున్నాం? మన సంఘం కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో. అర్జీ పెట్టడానికి సభ్యులకు సాయం చేస్తాం గదా, అప్పుడప్పుడు చేసినవన్నీ అక్కడే పేరుకుపోయాయి. మోసం చేసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఫోన్ చేసి మీ పేరు, మీ సర్వే నంబర్, మీ ఖాతాలోని చివరి నాలుగు అంకెలు వాడే చెబితే, వాణ్ని ఆఫీసర్ అని నమ్మని వారు మనలో ఎంతమంది ఉన్నారు?

కాబట్టి దోచుకోవడానికి ఉంది. ఇక దాన్ని కాయడం ఎలా అన్నది.

కంప్యూటర్ బయటి వాళ్లతో మాట్లాడేటప్పుడు ఒక కనెక్షన్ తెరుస్తుంది. ఆ కనెక్షన్లు ఏమేం తెరిచి ఉన్నాయో చూపే సాధనం కంప్యూటర్‌లోనే ఉచితంగా ఉంటుంది. పేరు నెట్‌స్టాట్. 1983లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన యూనిక్స్‌లో వచ్చింది, ఆ తర్వాత విండోస్‌లో కూడా చేరింది. లైనక్స్‌లో ఇప్పుడు దాని పని ఎస్‌ఎస్ అనే చిన్న సాధనం చేస్తుంది. బొమ్మలుండవు, నొక్కడానికి బటన్లుండవు. నల్ల తెర మీద అక్షరాలు కొట్టాలి, అక్షరాలే జవాబుగా వస్తాయి.

నల్ల తెర చూసి భయపడనక్కర లేదు. 1994లో సికింద్రాబాద్‌లో కొత్త రిజర్వేషన్ పద్ధతి మొదలయినప్పుడు కౌంటర్లలో గుమాస్తాలు చూసింది అలాంటి అక్షరాల తెరలనే. పదో తరగతి ఇంగ్లీషుతో వచ్చిన వాళ్లు కూడా వేళ్లతో నేర్చేసుకున్నారు. విండోస్‌లో ఆ నల్ల తెర తెరిచి నెట్‌స్టాట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఒక అడ్డగీత పెట్టి, ఏ, ఎన్, ఓ అనే మూడు చిన్నక్షరాలు కొట్టాలి. ఏ అంటే అన్నీ చూపు, ఎన్ అంటే పేర్లు వెతక్కుండా నంబర్లే చూపు, ఓ అంటే ఏ ప్రోగ్రాం తెరిచిందో దాని నంబర్ చూపు. అంతే.

వచ్చే జాబితాలో ప్రతి వరుసలోనూ మన చిరునామా, అవతలి చిరునామా, స్థితి ఉంటాయి. చిరునామా చివర ఉండే నంబర్‌ను పోర్ట్ అంటారు. దాన్ని స్టేషన్‌లో కౌంటర్ నంబర్ అనుకోండి. స్టేషన్ ఒకటే, కానీ రిజర్వేషన్‌కు ఒక కౌంటర్, పార్సిల్‌కు ఒక కౌంటర్, విచారణకు ఒకటి. కంప్యూటర్‌లో ఈ కౌంటర్లు 65,535 దాకా ఉంటాయి. స్థితి మాటలు ఇంగ్లీషులో ఉంటాయి, కానీ రోజూ కనబడేవి నాలుగైదే. లిజనింగ్ అంటే కౌంటర్ తెరిచి ఉంది, గుమాస్తా కూర్చున్నాడు, ప్యాసింజర్ ఇంకా రాలేదు. ఎస్టాబ్లిష్డ్ అంటే ప్యాసింజర్ కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడు. సిన్ సెంట్ అంటే మనం అవతలి స్టేషన్‌కు ఫోన్ కొట్టాం, ఎవరూ ఎత్తలేదు. క్లోజ్ వెయిట్ అంటే అవతలి వాడు ఫోన్ పెట్టేశాడు, మన వాడు ఇంకా పెట్టలేదు. టైమ్ వెయిట్ అంటే మాట అయిపోయింది, కానీ దారిలో చిక్కుకున్న ముక్క ఏదైనా ఆలస్యంగా వస్తుందేమో అని కాసేపు ఆ లైన్ పక్కన పెట్టారు.

ఇప్పుడు అసలు సంగతి. సాధనం ఉంది గదా అని దాన్ని నమ్మేయడం కుదరదు. జాబితాలో ఏమీ లేదంటే నిజంగా ఏమీ లేదా, లేక సాధనానికి కనబడలేదా? ఈ రెండింటి మధ్య తేడా తెలుసుకోవడానికి ఒకటే దారి. మనమే కావాలని ఒక కనెక్షన్ తెరిచి, సాధనం దాన్ని పట్టుకుంటుందా లేదా చూడాలి. తూకం రాళ్లు పెట్టి కాటాను పరీక్షించినట్టు. అందుకే ఒక ఆదివారం వైఫై అందరికీ ఆపి, మా నాలుగు ఫోన్లు, గదిలోని విండోస్ కంప్యూటర్, పిల్లల ల్యాప్‌టాప్, పాత డబ్బాలో లైనక్స్ వేసిన మరొక కంప్యూటర్, ఇవి మాత్రమే పెట్టుకుని కూర్చున్నాం. ఆ పాత డబ్బాను ఇంటర్నెట్ లైనుకూ మిగతావాటికీ మధ్య గేటులా కట్టాం. దానిలో కాన్‌ట్రాక్ అనే సాధనం పెట్టాం. గేటు దాటే ప్రతి కనెక్షన్ పుట్టినప్పుడు ఒక వరుస, పోయినప్పుడు ఒక వరుస రాస్తుంది అది.

మొదటి పరీక్ష సులభం. ల్యాప్‌టాప్ నుంచి విండోస్ కంప్యూటర్‌కు ఒక కనెక్షన్ తెరిచి అలాగే ఉంచాం. నెట్‌స్టాట్ వెంటనే చూపింది. చిరునామా సరి, కౌంటర్ నంబర్ సరి, ప్రోగ్రాం నంబర్ సరి. కానీ గేటులో కూర్చున్న కాన్‌ట్రాక్‌కు ఇది కనబడనే లేదు. ఎందుకంటే ఆ రెండు కంప్యూటర్లూ గదిలోనే మాట్లాడుకున్నాయి, గేటు దాటలేదు. యార్డులో షంటింగ్ చేసే బండి లెవెల్ క్రాసింగ్ గేట్‌మ్యాన్ పుస్తకంలో ఎక్కదు గదా.

రెండో పరీక్ష, చటుక్కున తెరిచి మూసేసే కనెక్షన్లు. విండోస్ కంప్యూటర్ నుంచి బయటికి ఇరవై సార్లు, ఒక్కోటి అర సెకను కూడా ఉండకుండా తెరిచి మూశాం. నెట్‌స్టాట్‌ను 5 సెకన్లకోసారి చూపమన్నాం. మన కంప్యూటర్ ముందుగా మూసినవి టైమ్ వెయిట్ అని మిగిలి కనబడ్డాయి. కానీ పక్కన ఉండాల్సిన ప్రోగ్రాం నంబర్ సున్నా. అంటే ఎవరో మాట్లాడారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. అవతలి వైపు ముందుగా మూసినవి అసలు మన జాబితాలో లేనే లేవు. గేటులోని కాన్‌ట్రాక్ మాత్రం ఇరవైకి ఇరవై రాసింది. అయితే అదీ ఏ ప్రోగ్రాం పంపిందో చెప్పలేదు, అది దాని పని కాదు.

ఇది మాకు కొత్తగా అనిపించలేదు. టికెట్ కౌంటర్‌లో షిఫ్టు మొదట్లో క్యూలో ఎంతమంది, చివర్లో ఎంతమంది అని రాసుకుంటే ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయో తెలుస్తుందా? తెలియదు. అందుకే అట్ట టికెట్ల రోజుల్లో ఓపెనింగ్ నంబర్, క్లోజింగ్ నంబర్ రాసేవాళ్లం. మధ్యలో ఎవరు వచ్చారో కంటితో చూడకపోయినా, నంబర్ల తేడా పట్టిస్తుంది. నెట్‌స్టాట్ చూపేది క్యూ. కాన్‌ట్రాక్ రాసేది టికెట్ నంబర్లు. రెండూ కావాలి.

మూడో పరీక్ష, వైరు పీకడం. ల్యాప్‌టాప్ కనెక్షన్ నడుస్తుండగా దాని వైరు లాగేశాం. అరగంట తర్వాత కూడా విండోస్ కంప్యూటర్‌లో ఆ కనెక్షన్ ఎస్టాబ్లిష్డ్ అనే ఉంది. సాధనం అబద్ధమాడిందా? లేదు. అవతలి వాడు "వెళ్లొస్తా" అని చెప్పలేదు కాబట్టి మన కంప్యూటర్ లెక్కలో వాడు ఇంకా ఉన్నట్టే. లైన్ క్లియర్ ఇచ్చి బండిని పంపాక, ముందు స్టేషన్ నుంచి బండి చేరిందన్న సమాచారం వచ్చేదాకా ఆ సెక్షన్‌లో బండి ఉన్నట్టే లెక్క. ట్రెయిన్ సిగ్నల్ రిజిస్టర్‌లో అలాగే ఉంటుంది. కంప్యూటర్‌లోని పద్ధతి అదే. కాబట్టి జాబితాలో ఎస్టాబ్లిష్డ్ అని చూడగానే ఎవడో లోపల కూర్చున్నాడని గాభరా పడకూడదు. కాన్‌ట్రాక్ అయితే మామూలుగా ఇలాంటి మాటలేని కనెక్షన్‌ను 5 రోజుల దాకా పుస్తకంలో ఉంచుతుంది.

నాలుగో పరీక్ష యూడీపీ. ఇది కనెక్షన్ తెరవకుండా పోస్టుకార్డు వేసినట్టు పంపే పద్ధతి. నెట్‌స్టాట్‌లో వీటికి స్థితి ఉండదు, అవతలి చిరునామా ఉండాల్సిన చోట నక్షత్రం గుర్తు ఉంటుంది. ఇదివరకు ఇది చిన్న లోటు. ఇప్పుడు కాదు. 2021లో ప్రమాణంగా ప్రకటించిన క్విక్ అనే పద్ధతితో బ్రౌజర్లు చాలా సైట్లకు యూడీపీ మీదనే మాట్లాడుతున్నాయి. మేము వీడియో సైటు తెరిచి నెట్‌స్టాట్‌లో వెతికితే ఆ సంభాషణ ఎక్కడికి పోతోందో కనబడలేదు. గేటులో కనబడింది.

ఈ నాలుగు పరీక్షల తర్వాతే అసలు సోదాకు దిగాం. రెండు విషయాలు బయటపడ్డాయి.

ఒకటి, దూరం నుంచి మన తెర చూసి మౌసు కదిపే ప్రోగ్రాం ఒకటి కంప్యూటర్‌లో ఉంది. ఎప్పుడో రిపేరుకు వచ్చిన వాళ్లు పని కోసం పెట్టి, పనయ్యాక తీయకుండా వెళ్లిపోయారు. కంప్యూటర్ వేసిన ప్రతిసారీ అది తనంతట తాను లేచి బయటికి ఒక కనెక్షన్ తెరిచి కూర్చుంటోంది. దాని ద్వారా ఎవరైనా లోపలికి వచ్చారని చెప్పడానికి మా దగ్గర ఆధారం లేదు, అలా అనడం లేదు కూడా. తాళం చెవి బయట ఎవరి దగ్గరో ఉంది అంటున్నాం. ఇలాంటి ప్రోగ్రాంలతో ఫోన్లలో ఖాతాలు ఊడ్చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. మేము దాన్ని తీసేశాం.

రెండు, 445వ కౌంటర్ తెరిచి ఉంది. అది ఫోల్డర్లు పంచుకునే కౌంటర్. విండోస్‌లో అది తెరిచి ఉండటం మామూలే, దాన్నిబట్టే తప్పు అనలేం. కానీ తెరిచిన కౌంటర్‌లో ఏం ఇస్తున్నారో చూడాలి గదా. ఒక ఫోన్‌తో వైఫైలోకి వచ్చి చూశాం. పాస్‌వర్డ్ అడగకుండానే ఫోల్డర్ తెరుచుకుంది. మన సభ్యుల ఆధార్లు, పాస్‌బుక్‌లు, కౌలు పత్రాలు వరుసగా ఉన్నాయి. వైఫై పాస్‌వర్డ్ ఊరంతా తెలుసు. గోడ మీద రాసి ఉంది.

గమనించండి, ఈ రెండోది గేటు దగ్గర ఎంతసేపు కూర్చున్నా కనబడదు. గది లోపలి వ్యవహారం అది. మొదటి పరీక్షలో గేటు గుడ్డితనం తెలుసుకున్నాం కాబట్టే లోపల వేరుగా వెతికాం. పరీక్ష చేయకుండా గేటు పుస్తకం మాత్రం చూసి "అంతా బాగుంది" అని రాసి ఉంటే, ఆ మాట ఎంత ప్రమాదమో ఆలోచించండి.

445 గురించి ఇంకో మాట. 2017 మే 12న వన్నాక్రై అనే పురుగు సుమారు 150 దేశాల కంప్యూటర్లలోకి దూరి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పాకింది ఈ 445వ కౌంటర్ గుండానే. ఆ కంతను పూడ్చే మందును మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చి 14న, అంటే రెండు నెలల ముందే, ఉచితంగా ఇచ్చింది. మందు వేసుకున్న వాళ్లు బతికిపోయారు. డబ్బు లేక చెడిన వాళ్లకన్నా, చూసుకోక చెడిన వాళ్లే ఎక్కువ.

"ఇంత పరీక్ష మనలాంటి వాళ్లకెందుకు, పెద్ద పెద్ద వాళ్లకు గాని" అంటారా? పెద్దవాళ్ల సంగతీ చూద్దాం. తిరునెల్వేలి జిల్లా కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో ఆఫీసు పనులకు వాడే ఒక కంప్యూటర్‌లో పురుగు దూరిన సంగతి 2019 సెప్టెంబర్ 4న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గమనించి చెప్పింది. అక్టోబర్ చివర్లో వార్త బయటికి వస్తే మొదట కేంద్రం వాళ్లు కాదన్నారు, మరునాడు అణు విద్యుత్ కార్పొరేషన్ ఔనని ఒప్పుకుంది. రియాక్టర్ నడిపే వ్యవస్థ వేరుగా ఉంది కాబట్టి దానికి ఏమీ కాలేదని చెప్పింది. ఇందులో మనం నేర్చుకునేవి రెండు. ముఖ్యమైనదాన్ని వేరుగా ఉంచాలి. చూసే కన్ను బయట కూడా ఒకటి ఉండాలి.

బయటి కన్ను ఎందుకంటే, నెట్‌స్టాట్ అడిగేది ఆ కంప్యూటర్‌నే. "నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావు?" అని దాన్నే అడిగితే, దాని లోపల దొంగ గట్టిగా కూర్చుని ఉంటే తన వరుసను దాచేసి జవాబు చెప్పించగలడు. రైల్వేలో స్టేషన్ లెక్కలు స్టేషన్ వాళ్లే రాస్తారు, కానీ తనిఖీకి ట్రావెలింగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ అకౌంట్స్ బయటి నుంచి దిగుతాడు. గుమాస్తా మీద అనుమానంతో కాదు, పద్ధతి అది. మన గేటు డబ్బా ఆ ఇన్‌స్పెక్టర్ పని చేస్తుంది.

ఇప్పుడు ప్యాకేజీ మాట. అమ్మడానికి వచ్చిన వారు "మా ప్రోగ్రాం అన్నీ పట్టుకుంటుంది" అన్నారు. మేము అడిగింది ఒక్కటే. మా నాలుగు పరీక్షలూ మీ ప్రోగ్రాం మీద మా కళ్ల ముందు చేస్తారా? సమాధానం రాలేదు, ధర తగ్గింపు వచ్చింది. అన్ని ప్యాకేజీలూ దండగ అని మేము అనడం లేదు. విండోస్‌తో పాటు ఉచితంగా వచ్చే వైరస్ కాపలా వేసి ఉంచాలి, అప్‌డేట్లు వేయాలి. కానీ పాస్‌వర్డ్ లేకుండా పంచిన ఫోల్డర్‌ను మనమే తెరిచి పెట్టుకున్నాక, డబ్బు పోసి కొన్న ప్రోగ్రాం దాన్ని నేరం అనుకోదు, మన ఇష్టం అనుకుంటుంది. ఆ డబ్బుతో ఒక బయటి హార్డ్ డిస్క్ కొని, పత్రాలన్నీ దానిలోకి మార్చి బీరువాలో పెడితే మేలు.

ఇక రెండో విషయం. ఇది మొదటిదానికన్నా పెద్దది అని మా ఉద్దేశం.

గేటు సాధనం చూపిన జాబితా చూసి మాలో ఒకరికి ముచ్చటేసింది. "దీన్ని ఇలాగే పెట్టి ఉంచితే ఏ పిల్లవాడు ఏ సైటుకు పోతున్నాడో పట్టుకోవచ్చు" అన్నారు. ఆ మాట బయటికి పాకి, ఇప్పుడు మీటింగు ఎజెండాలో చేరింది. తల్లిదండ్రుల బెంగ మాకు తెలియదా? మాకూ మనవళ్లున్నారు. అయినా మేము ఒప్పుకోం.

ఎందుకంటే ఆ జాబితాలో పిల్లలు మాత్రమే ఉండరు. ఏ ఫోన్ ఏ ఆసుపత్రి సైటుకు వెళ్లింది, ఏ ఫోన్ అప్పులిచ్చే యాప్‌తో అర్ధరాత్రి మాట్లాడింది, ఏ ఇంటి ఆడపిల్ల ఏ ఉద్యోగం సైటు చూసింది, అన్నీ ఉంటాయి. లోపలి మాట కనబడదు, నిజమే. సీలు వేసిన పార్సిల్‌లాగా ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నదే తెలుస్తుంది. కానీ చిన్న ఊళ్లో ఎక్కడికి అన్నది తెలిస్తే చాలు, మిగతాది జనమే అల్లుకుంటారు. పైగా ఒక చిరునామా వెనక వందల సైట్లు ఉంటాయి, ప్రకటనలు తమంతట తామే ఎక్కడెక్కడికో కనెక్షన్లు తెరుస్తాయి. మా ఆదివారం పరీక్షలో మాస్టారు ఒక వార్తల పేజీ తెరిస్తే గేటు పుస్తకంలో పదుల వరుసలు పడ్డాయి, అందులో మాస్టారు అడిగింది ఒక్కటే. ఆ పుస్తకం పట్టుకుని ఒక పిల్లవాణ్ని నిలబెట్టి "నువ్వు అక్కడికి పోయావు" అంటే, వాడు పోకపోయినా తప్పించుకునే దారి ఉండదు.

వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు మన కర్ణాటక హైకోర్టు నుంచి రిటైరయిన న్యాయమూర్తే. ఎనభై దాటిన వయసులో ఆయన కోర్టుకెక్కింది మనందరి కోసం. ఆ తీర్పు ప్రభుత్వాన్ని ఉద్దేశించిందే అని వాదించవచ్చు. కానీ ప్రభుత్వం చేయకూడని పనిని సంఘం చేయొచ్చా? ప్రభుత్వం దూరంగా ఉంటుంది, సంఘం పక్కింట్లో ఉంటుంది. పక్కింటి వాడికి తెలిస్తేనే మనిషికి ఎక్కువ నొప్పి.

పిల్లల విషయంలో దారి లేక కాదు. గదిలో తెరలన్నీ తలుపు వైపు తిరిగి ఉండేలా బల్లలు మార్చండి. రాత్రి తొమ్మిదికి వైఫై ఆపండి. చెడ్డ సైట్లకు పేరు దొరకకుండా చేసే ఉచిత సదుపాయాలున్నాయి, వైఫై డబ్బాలో ఒకసారి పెడితే చాలు, ఎవరు అడిగారో రాసుకోవాల్సిన పని లేదు. తలుపు మూయడం వేరు, తలుపు దగ్గర కూర్చుని వచ్చేపోయే వాళ్ల పేర్లు రాయడం వేరు.

మా పరీక్షలో పడిన వరుసలన్నీ ఆ సాయంత్రమే, నలుగురి ఎదుట చెరిపేశాం. మా ఫోన్లవే అయినా చెరిపేశాం.

కాబట్టి మీటింగు ముందు పెడుతున్న మా ప్రతిపాదనలు ఇవి.

ఒకటి, సభ్యుల పత్రాలు కంప్యూటర్‌లో ఉంచకూడదు. అర్జీ పని కాగానే బయటి డిస్క్‌లోకి మార్చాలి, పని లేనివి చెరిపేయాలి. డిస్క్ బీరువాలో, తాళం చెవులు ఇద్దరి దగ్గర.

రెండు, నెలకోసారి ఇద్దరు కలిసి సంఘం కంప్యూటర్ మీద నెట్‌స్టాట్ చూసి, తెరిచి ఉన్న కౌంటర్లు, వాటి ప్రోగ్రాంలు నోటు పుస్తకంలో రాయాలి. పోయిన నెల లేనిది ఈ నెల ఉంటే, అది ఏమిటో తెలిసేదాకా వదలకూడదు. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ మారుతుండాలి. చూసే ముందు ప్రతిసారీ ఒక తెలిసిన కనెక్షన్ తెరిచి, సాధనం పట్టుకుందో లేదో పరీక్షించాలి.

మూడు, గేటు డబ్బాను మూడు నెలలకోసారి, వైఫై అందరికీ ఆపిన రోజున, సంఘం కంప్యూటర్ మీద మాత్రమే నడపాలి. ముందు రోజే బోర్డు మీద రాయాలి. వరుసలు ఆ రోజే చెరిపేయాలి.

నాలుగు, రిపేరుకు ఎవరొచ్చినా పక్కన సభ్యుడు ఒకరు కూర్చోవాలి. దూరం నుంచి నడిపే ప్రోగ్రాం పెడితే, పనయ్యాక తీసేదాకా వారిని పంపకూడదు, డబ్బూ ఇవ్వకూడదు.

ఐదు, వైఫై పాస్‌వర్డ్ గోడ మీద నుంచి చెరపాలి. సభ్యుల ఫోన్లకు ఒక వైఫై పేరు, సంఘం కంప్యూటర్‌కు మరొకటి. మన డబ్బాలో ఆ సదుపాయం ఉంది, పిల్లలు చూశారు.

ఆరు, సభ్యుల ఫోన్ల కనెక్షన్లను ఎవరూ, ఏ కారణంతోనూ, రాసి ఉంచరాదని తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి.

మాటలు, కొట్టాల్సిన అక్షరాలు, స్థితుల అర్థాలు అన్నీ తెలుగులోనూ కన్నడలోనూ ఒక అట్ట మీద రాసి కంప్యూటర్ పక్కన అంటిస్తున్నాం. "మాకు ఇంగ్లీషు రాదు" అనే వారికి ఒక మాట. ఆ జాబితాలో ఉన్న ఇంగ్లీషు మాటలు కొన్నే. మిగతావన్నీ అంకెలు. అంకెలు మనకు ఏ మీడియంలో చదివినా వస్తాయి.

ఇందులో మాకు తోచనిది మీకు తోచి ఉంటే కింద రాయండి, లేదా మీటింగులో లేచి అడగండి. ముఖ్యంగా ఆరో తీర్మానానికి వ్యతిరేకం అనుకునేవారు తప్పకుండా రండి. మీ మాట వినాలని ఉంది. సోలార్ కౌలు పత్రాలు సంఘంలో స్కాన్ చేయించుకున్న వారు ఈ లోపల వచ్చి, తమవి ఏమేం ఉన్నాయో చూసుకుని, ఉంచాలో చెరపాలో చెప్పి వెళ్లండి. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా గదిలో మాలో ఎవరో ఒకరం ఉంటాం.